గొడుగు మనిషి మేనమామ

గ్రంథాలయ పాఠక సంక్షేమ మండలి అధ్యక్షులు ఉప్పలూరి జోగేశ్వరరావు గారికి ఒక ఆదివారం మధ్యాహ్నం నిద్ర పట్టలేదు. తర్వాత జరిగినవాటన్నిటికీ మూలం అదే.

ఆదివారం భోజనం చేశాక ఏదో ఒక పుస్తకం పట్టుకుని పడుకోవడం ఆయన అలవాటు. రెండో పేజీ తిప్పేలోపు కళ్ళు మూతపడతాయి. పుస్తకాల మీద ఆయనకి అంత గురి. ఆ రోజు ఆయన చేతికి దొరికింది ‘లాకుల దగ్గర లాడ్జి’ అనే నవల. అందులో, జోరుగా వాన కురుస్తుండగా ఒక మనిషి లాడ్జిలోకి వస్తాడు. ఎప్పుడో అరువు తీసుకున్న గొడుగు మేనేజరుకి తిరిగిచ్చేస్తాడు. ఇచ్చిన టీ తాగి, అదే వానలో తడుస్తూ వెళ్ళిపోతాడు. పేరు లేదు, ఊరు లేదు. అధ్యక్షులవారు లేచి కూర్చున్నారు. నాలుగు పేజీలు తిప్పారు. ఆ మనిషి మళ్ళీ రాలేదు. ఇంక నిద్ర ఎక్కడిది?

సాయంత్రం కార్యదర్శి చిదంబరం గారికి ఫోన్ చేశారు. "ఎవడండీ వీడు? ముక్కూ మొహం తెలియనివాణ్ణి ఇంట్లోకి రానిస్తామా? మరి బుర్రలోకి ఎలా రానిస్తామండీ?"

ఇక్కడ ఒక మాట చెప్పాలి. జోగేశ్వరరావు గారు మండలికి రాకముందు పెళ్ళి సంబంధాలు కుదిర్చే వేదిక నడిపేవారు. అందులోంచి ఎన్నికల్లోకీ, ఎన్నికల్లోంచి ఓటమిలోకీ, ఓటమిలోంచి మా మండలిలోకీ వచ్చారు. ఒక మనిషి గురించి తెలుసుకోవడమంటే ఆయనకి తెలిసిన పద్ధతి ఒక్కటే. కాబట్టి నెల తిరక్కుండా వచ్చిన ఉత్తర్వు ఆ పద్ధతిలోనే వచ్చింది. పాత్రను పాఠకుని మనసునకు ఇచ్చుట పిల్లను ఇచ్చుటతో సమానమనీ, కావున ప్రతి పాత్రకూ అటేడు తరాలు, ఇటేడు తరాలు విచారించవలెననీ, ఆ విచారణ ‘పాత్రల చూపులు’ అను కార్యక్రమం ద్వారా స్వీటు, హాటు సహితంగా జరుపవలెననీ అందులో ఉంది. చివర చిదంబరం గారు సొంతంగా ఒక వాక్యం చేర్చారు: ‘పూర్వం తేలకుండా పరం చెప్పరాదు.’ అంటే పాత్ర ఎవరి తాలూకో తేలేదాకా ఆ పాత్రకి తర్వాత ఏమైందో ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. చెబితే ఆ రచయిత పుస్తకం ఏ గ్రంథాలయంలోనూ ఉండదు.

నేను పైడిమర్రు శాఖా గ్రంథాలయానికి గ్రంథపాలకుణ్ణి. పుస్తకాలు చదవను. నేనూ చదువుతూ కూర్చుంటే పాలన ఎవరు చూస్తారు? మిఠాయి కొట్టాయన పొద్దస్తమానం లడ్లు తింటూ కూర్చుంటాడా? ఉత్తర్వు వస్తే మాత్రం అక్షరం వదలకుండా చదువుతాను, వెంటనే అమలు చేస్తాను. ఆ నవల మా గ్రంథాలయానిదే. అధ్యక్షులవారిది మా ఊరే కావడంతో తీసుకెళ్ళి, చదవలేక తిప్పి పంపారు. అచ్చయి చాలా ఏళ్ళయింది. ప్రచురించినాయన కాలం చేశారు. రచయిత దగ్గరున్న ప్రతిని ఎవరో చదివిస్తానని పట్టుకెళ్ళి మాయమయ్యారు. లోకంలో మిగిలింది మా ప్రతి ఒక్కటే, అది అప్పుడు మంగతాయారు గారి చేతిలో ఉంది.

మంగతాయారు గారు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసి రిటైరయ్యారు. రోజూ మా ఫ్యాను కింద కుర్చీ ఆవిడదే. ఒక కన్ను ఇదివరకే పోయింది. రెండో కంటికి పొర కమ్మింది. ఆపరేషను ఖాయం చేశారు. చూపు నిలుస్తుందో లేదో డాక్టరు గట్టిగా చెప్పలేదు. అందుకని ఆవిడ పుస్తకాన్ని ముక్కుకి ఆనించుకుని, తొందర తొందరగా చదువుతున్నారు.

"మంగతాయారు గారూ, ఆ పుస్తకం ఇలా ఇచ్చెయ్యాలండి. విచారణలో ఉంది" అన్నాను.

"ఏం చేసిందేంటి?"

"అందులో ఒక మనిషికి పూర్వాపరాలు లేవండి."

"నాకూ లేవు. నన్ను కూడా పట్టుకుపోండి" అని మళ్ళీ పేజీలో తల దూర్చారు. నేను పుస్తకం పట్టుకున్నాను. ఆవిడ వదల్లేదు. "అయ్యో, ఉండండి బాబూ! ఇప్పుడే నీలవేణి మేడ మీదకెక్కింది. కింద వర్తకుణ్ణి చంపేశారు. చంపింది మేడ మీద గదిలో పరాంకుశమని ఊరంతా అనుమానం. పిల్ల ఒక్కత్తీ వెళ్ళి తలుపు కొట్టబోతోంది. చెయ్యెత్తిందండీ! చెయ్యెత్తింది! ఇప్పుడా మీ విచారణ?"

"ఉత్తర్వు అంటే ఉత్తర్వేనండి."

"ఆపరేషనైపోయాక కన్ను ఉంటుందో ఊడుతుందో తెలీదు. ఆ తలుపు తీసిందెవరో ఒక్కటి చూసేస్తే, తర్వాత ఏమైనా నాకు బెంగ లేదు. ఒక్క పూట ఇవ్వండి!"

నేను రాయిని కాను. ఆవిడ ఆగిన పేజీలో గుర్తుకోసం నా జేబులోని బస్సు టికెట్టు పెట్టాను. తర్వాత పుస్తకం లాక్కున్నాను. ‘విచారణ’ అన్న ముద్ర మా దగ్గర లేక, అట్ట మీద ‘రద్దు’ అని కొట్టి బీరువాలో పెట్టాను.

ఆవిడ తిన్నగా రచయిత ఇంటికి వెళ్ళారు. రచయిత కొల్లూరి నరహరి గారు మా ఊరి హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి దిగిపోయారు. జన్మకి రాసింది ఆ ఒక్క నవలే. తలుపు తీసిందెవరని ఆవిడ అడిగితే ఆయన రెండు చేతులూ జోడించారట.

"చెబితే నా పుస్తకం మట్టిగొట్టుకుపోతుందమ్మా. ఉన్నది ఒక్కటే. విచారణ అవనివ్వండి, నేనే మీ చేతికి తెచ్చిస్తాను" అన్నారట. ఆవిడ మా గ్రంథాలయానికి తిరిగొచ్చి ఫ్యాను కింద కూర్చుని, నావైపు ఒంటికంటితో చూడ్డం మొదలుపెట్టారు. రెండు కళ్ళతో చూసినా అంత ఇబ్బందిగా ఉండేది కాదు.

మొదటి చూపులు మా పఠన మందిరంలోనే జరిగాయి. ఉత్తర్వు ప్రకారం జంపఖానా పరిచాం. ఒకవైపు పాఠకుల పక్షాన అధ్యక్షులు, కార్యదర్శి కూర్చున్నారు. ఎదురుగా పాత్రల తండ్రి హోదాలో నరహరి గారు. మా అటెండరు గంగరాజు మైసూర్‌పాకూ జంతికలూ తెచ్చి మధ్యలో పెట్టాడు. మంగతాయారు గారిని బయటికి వెళ్ళమని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"ముందు ఆ గొడుగు అబ్బాయి సంగతి చెప్పండి. ఇంటిపేరు?" అని అధ్యక్షులవారు మొదలుపెట్టారు.

"పెట్టలేదండి. ఒక్క పేరాలో వచ్చి వెళ్ళిపోతాడు" అన్నారు నరహరి గారు.

"ఒక్క పూటకొచ్చిన చుట్టాన్నైనా అడుగుతామండీ. మేనమామలెవరు?"

"ఉన్నారో లేదో నేను ఆలోచించలేదండి."

చిదంబరం గారు గొంతు సవరించుకున్నారు. "మేనమామ రహితుడైన పాత్రను మండలి గుర్తించజాలదు. జననమనగా తల్లి. తల్లి అనగా పుట్టినిల్లు. పుట్టినిల్లు అనగా మేనమామ. ఇది తార్కికము."

"సరే, ఒక మేనమామ ఉన్నాడనే అనుకోండి."

"అనుకోవడానికి వచ్చామా ఇంత దూరం?" అని అధ్యక్షులవారు నొచ్చుకున్నారు. ఆయనిల్లు మా పక్క వీధే. "ఏం చేస్తుంటాడాయన?"

"పొగాకు వ్యాపారం."

"కలిసొచ్చిందా?"

"కొంత వచ్చింది, కొంత పోయింది."

"ఎందుకు పోయింది? భాగస్వాములు ముంచారా? అన్నదమ్ములు విడిపోయారా, ఉమ్మడేనా?"

నరహరి గారు కండువాతో మొహం తుడుచుకున్నారు. ఆ మేనమామకి ముగ్గురు అన్నదమ్ములు పుట్టుకొచ్చారు. ఒక తగాదా పుట్టింది. తోడికోడళ్ళ మధ్య గిన్నెల దగ్గర మొదలై గోడ దాకా వెళ్ళింది. మధ్యాహ్నం టీ వేళకి ఆ ఇంటి గేదెకి కూడా పూర్వాపరాలు తేలాయి.

"గొడుగు మాత్రం ఎందుకు తిరిగిచ్చాడండీ, అంత వానలో?" అని మంగతాయారు గారు వెనకనుంచి అడిగారు.

"అది పరం!" అని చిదంబరం గారు గద్దించారు.

తర్వాత పరాంకుశం వంతు వచ్చింది. అప్పటికి నరహరి గారికి కిటుకు తెలిసిపోయింది. ఏదడిగినా వెంటనే ఏదో ఒకటి చెప్పేస్తే తొందరగా ఇంటికెళ్ళొచ్చు. ఆ కిటుకే కొంప ముంచింది.

"వాళ్ళమ్మగారిదే ఊరు?"

"చింతలకోడండి."

అధ్యక్షులవారు మైసూర్‌పాకు కింద పెట్టారు. "చింతలకోడా! అక్కడ ఎవరింటి ఆడపడుచండీ?"

"చావడి పక్క పెంకుటింటివాళ్ళ ఆడపడుచండి."

"పెరట్లో బాదం చెట్టుంటుంది, ఆ ఇల్లేనా?"

"ఆఁ, అదే అదే" అన్నారు నరహరి గారు, గోడ గడియారం వంక చూస్తూ.

అధ్యక్షులవారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అది మా పెద్దమామ్మ ఆడపడుచు గారిల్లు కదండీ! అయితే ఈ పరాంకుశం నాకు తమ్ముడవుతాడు! చూశారా చిదంబరం గారూ, ఇన్నాళ్ళూ మనవాణ్ణి మనం కనుక్కోలేకపోయాం." కళ్ళు తుడుచుకుని, హఠాత్తుగా నరహరి గారి మీద విరుచుకుపడ్డారు. "ఏమండీ, మావాణ్ణి హంతకుడంటారా? మా వంశంలో కోడిని కోసినవాడు కూడా లేడు!"

"నేను అనలేదండీ! ఊళ్ళోవాళ్ళు అనుమానిస్తారంతే. ఆఖరి పేజీలో..."

"పూర్వం తేలకుండా!" అన్నారు చిదంబరం గారు వేలెత్తి. నరహరి గారు జంతిక ఒకటి తీసి నోట్లో పెట్టేసుకున్నారు. మంగతాయారు గారు కుర్చీ చేతిని ఠపీమని కొట్టి బయటికెళ్ళిపోయారు.

ఈలోగా ఉత్తర్వు మిగతా ఊళ్ళల్లోనూ బాగా పనిచేసింది. పక్క ఊళ్ళో ఒక దయ్యాన్ని చూపులకి కూర్చోబెట్టారు. బతికుండగా సొంతూరు ఏదో తేలింది గాని, చచ్చాక స్థిరనివాసం ఏదన్న దగ్గర విచారణ నిలిచిపోయింది. డిటెక్టివు నవలలు రాసే ఒకాయన మొదటి పేజీలో పడున్న శవానికి పుట్టువెంట్రుకల దగ్గర్నుంచి చరిత్ర రాశాడు. అది చదివిన పాఠకులు శవం మీద మమకారం పెంచుకుని, ఇంత మంచివాణ్ణి చంపడానికి వీల్లేదని అర్జీ పెట్టుకున్నారు. రచయిత వాళ్ళ మాట మన్నించి అతన్ని బతికించాడు. ఇప్పుడు ఆ నవలలో ఎవరూ చావరు. డిటెక్టివు ఆఖరిదాకా కాఫీ తాగుతూ ఉంటాడు.

నా గ్రంథాలయం సంగతికొస్తే, పూర్వాపరాలతో కొత్తగా కుట్టిన పుస్తకాలు బస్తాల్లో దిగాయి. పాఠకులు వచ్చి, ఒకటి తీసుకుని, కూర్చుని, ఫలానావారి ముత్తాత ఫలానా ఊరినుంచి వలస రావడం దాకా చదివి, బల్ల మీద తల వాల్చేవారు. మధ్యాహ్నానికి పఠన మందిరమంతా గుర్రు. తనిఖీకొచ్చిన చిదంబరం గారు గుమ్మంలో ఆగి చెవి ఒగ్గి విన్నారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"అపరిచిత పాత్రల వలన పాఠకులకు కలుగుచున్న నిద్రాభంగము సంపూర్ణముగా నివారింపబడినది" అని అక్కడికక్కడే నాకు చెప్పి రాయించారు. రాశాను. అబద్ధం ఏముంది అందులో?

ఒక్క మంగతాయారు గారు మాత్రం నిద్రపోలేదు. విచారణలో తేలినవన్నీ రాసి నరహరి గారు మండలికి సమర్పించిన మొదటి సంపుటం రాగానే ముందు ఆవిడ చేతికే ఇచ్చాను. సంతోషిస్తుందనుకున్నాను. ముక్కుకి ఆనించుకుని కాసేపు చదివి తలెత్తారు.

"వీడెవడండీ, పొగాకు బేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు?"

"గొడుగు మనిషి మేనమామండి."

"తలుపు తీసింది వీడా?"

"ఈయన లాడ్జికి రాడండి. ఆ లాడ్జి కట్టకముందే పోయాడు."

"మరి నీలవేణేదీ?"

"మూడో సంపుటంలో పుడుతుందండి."

ఆవిడ పుస్తకం మూసి నా బల్ల మీద పెట్టారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. "పాపం, ఆ పిల్ల చెయ్యెత్తి అలాగే నిలబడుంది కదండీ ఇన్నాళ్ళూ. చెయ్యి నొప్పెట్టదూ?" అన్నారు. ఆ మాటకి నాకేమో గాని, పక్కనున్న గంగరాజుకి కళ్ళు చెమర్చాయి. నేను ఆ సంపుటం తిరిగొచ్చినట్టు రిజిస్టర్లో రెండుసార్లు రాసుకున్నానంతే.

రెండో చూపులు ఆవిడ ఆపరేషనుకి ముందురోజు పడ్డాయి. ఈసారి విచారణ నీలవేణిది. నరహరి గారు బాగా చిక్కిపోయారు. అడిగినవాటికీ అడగనివాటికీ కలిపి జవాబులు చెప్పేస్తున్నారు. తాతగారి ఊరు చెప్పగానే ఈసారి చిదంబరం గారు ఎగిరి గంతేశారు. ఆ పిల్ల తాతగారు స్వయానా చిదంబరం గారి బాబాయట! ఎలా తేలిందో నాకు అర్థం కాలేదు గాని, మనవాళ్ళలో ఇద్దరు మనుషులు గంటసేపు ఎదురెదురుగా కూర్చుంటే ఏదో ఒక చుట్టరికం తేలకుండా ఉండదు. అధ్యక్షులవారు వేళ్ళు ముడుస్తూ, తెరుస్తూ లెక్క వేశారు. పాత వృత్తి తాలూకు వెలుగు మొహంలోకి వచ్చేసింది.

"అంటే మావాడికి మీ పిల్ల మరదలి వరస! ఒకే లాడ్జిలో ఇద్దరూ ఉన్నారు! ఇంకా చూస్తారేంటండీ, తాంబూలాలు పుచ్చేసుకుందాం!"

"అయ్యా, ఆవిడ ఆ గదికెళ్ళింది అతన్ని పట్టివ్వడానికండీ! కింద పోలీసులు కాసుక్కూర్చున్నారు!" అని నరహరి గారు లేచి నిలబడ్డారు.

"అబ్బే, పెళ్ళయ్యాక అన్నీ అవే సర్దుకుంటాయి. మీరు కూర్చోండి బావగారూ" అన్నారు అధ్యక్షులవారు.

"ఉభయ వంశముల పూర్వాపరములు పరస్పరం సంతృప్తికరముగా ఉన్నందున, నవల యొక్క ముగింపు వివాహముగా నిర్ణయించడమైనది. పాత ముగింపు రద్దు" అన్నారు చిదంబరం గారు.

నరహరి గారు కూర్చోలేదు, కూలబడ్డారు. ఫ్యాను కింద మంగతాయారు గారు ఒళ్ళో చేతిసంచీ సర్దుకున్నారు. ఆవిడ ఇంక అడగడం మానేశారనిపించి నాకు అస్సలు బాగా అనిపించలేదు. ఉత్తర్వులు అమలు చేసేవాడికి బాగా అనిపించకపోవడం మంచి లక్షణం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

శుభమా అని తాంబూలాలు కదా, గంగరాజు వెనక వరండాలో స్టవ్వు పెట్టి వేడివేడిగా మిరపకాయ బజ్జీలు వేశాడు. తలా రెండేసి కాగితంలో పెట్టి అందించాడు. నా వాటా అందుకుంటుంటే కాగితాల మధ్యనుంచి ఏదో జారి కింద పడింది. తీసి చూద్దును కదా, అది నేను పెట్టిన బస్సు టికెట్టు.

"గంగరాజూ! ఈ కాయితాలెక్కడివి?"

"బీరువాలోవేనండి. తమరే రద్దని గుద్దారు కదండీ అట్ట మీద. రద్దయిన కాయితమే కదా అని చింపానండి. చూస్తే మంచి గట్టి కాయితం, నూనె ఎంచక్కా పీలుస్తోంది."

నేను నోరు తెరిచేలోపే జంపఖానా మీద ఒక వింత జరిగింది. అధ్యక్షులవారు బజ్జీ కొరికి, నములుతూ, ఊరికే కాగితం మీద చూపు వేశారు. నమలడం ఆగిపోయింది. పెదాలు కదిలాయి. తర్వాత గొంతు వచ్చింది.

"‘నీలవేణి చెయ్యి తలుపుకి తగలకముందే లోపల గడియ తీసిన చప్పుడైంది. తలుపు బెత్తెడు తెరుచుకుంది. గదిలో ఉన్నది పరాంకుశం కాదు.’" ఆయన తలెత్తారు. "కాదా? మరెవరు?"

ఆయన రెండో బజ్జీ పక్కకి తోసేసి కాగితం తిరగేశారు. అక్కడున్నదంతా చదివేశారు. "తర్వాతది ఎవరి దగ్గరుందండీ? చిదంబరం గారూ, మీ కాయితం చూడండి! ఆ బజ్జీ తర్వాత తినొచ్చు!"

చిదంబరం గారు అప్పటికే చూస్తున్నారు. ఆయన చదివే లోపు ఒక చెయ్యి వచ్చి కాగితం లాగేసుకుంది. మంగతాయారు గారు ఫ్యాను కిందనుంచి ఎప్పుడు లేచి వచ్చారో మాకు తెలియదు. నూనె కాగితాన్ని కంటికి రెండంగుళాల దూరంలో పెట్టుకుని, గట్టిగా చదవడం మొదలుపెట్టారు.

"‘రండి, మీకోసమే చూస్తున్నాను, అన్నాడు లోపలి మనిషి. అతని చొక్కా ఇంకా ఆరలేదు. నీలవేణి అతన్ని గుర్తుపట్టింది. మీరా! అంది. అతను నవ్వి, కిటికీలోంచి కింద వేలాడుతున్న గొడుగుని చూపించాడు. అది తిరిగివ్వకపోతే...’" ఆవిడ కాగితం రెండోవైపు అడుగుదాకా వచ్చేశారు. ఖాళీ అంచు. "ఇవ్వకపోతే? ఇవ్వకపోతే ఏంటి? గంగరాజూ, తర్వాతది!"

"అదొక్కటేనండి ఆఖరుది. స్టవ్వు ముట్టించడానికి వాడేశానండి. ఎక్కువేం లేదండి అందులో, సగం పేజీయే ఉంది."

పఠన మందిరంలో బల్లల మీద నిద్రపోతున్న పాఠకులు ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు. అధ్యక్షులవారు మోకాళ్ళ మీద జరుగుతూ నరహరి గారి దగ్గరికెళ్ళారు.

"నరహరి గారూ, ఇవ్వకపోతే ఏమయ్యుండేదండీ? త్వరగా చెప్పండి, నాకు ఈ రాత్రి నిద్ర పట్టదు!"

"అధ్యక్షా, ఉత్తర్వు..." అన్నారు చిదంబరం గారు, ఆయన కూడా మోకాళ్ళ మీదే వస్తూ.

"ఉత్తర్వుకేం, నేను రాసిందే! వాడు ఎవరి మేనల్లుడైతే మనకేంటండీ! తర్వాత ఏమైందో చెప్పండి!"

నరహరి గారు మెల్లగా లేచారు. కండువా దులిపి భుజాన వేసుకున్నారు. ఇన్ని నెలల్లో మొదటిసారి ఆయన మొహంలో రక్తం కనిపించింది.

"అలా ఎలా చెబుతానండీ? నా నవల ముగింపంటే నాకు కన్నకూతురు. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఇచ్చేస్తానా? తమరిది ఏ ఊరు? మేనమామలెవరు? ఏం చేస్తుంటారు? అటేడు తరాలు చెప్పండి, తర్వాత ఇటేడు చెబుదురు గాని."

"తప్పకుండా, తప్పకుండా!" అని అధ్యక్షులవారు బాసింపట్టు వేసుకుని మొదలుపెట్టేశారు. "మా పెద్ద మేనమామ గారు కొబ్బరి వ్యాపారమండి. ఆయనకి ఇద్దరు..."

నరహరి గారు ఆయన్ని అక్కడ వదిలి మంగతాయారు గారి దగ్గరికొచ్చారు. "అమ్మా, మీదే ఊరు? ఎవరింటి ఆడపడుచులు?"

"నా ఊరు ఏ గోదాట్లో కలిస్తే మీకెందుకండీ?" అని ఆవిడ విసుక్కున్నారు. "రేపు పొద్దున్నే కత్తి కిందకెళ్ళాలి. ముందా గొడుగు సంగతి చెప్పండి!"

నరహరి గారు పకపకా నవ్వారు. ఆయన నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. వంగి ఆవిడ చెవిలో ఏదో చెప్పారు. సగం పేజీయే కదా, ఎంతోసేపు పట్టలేదు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "అమ్మ నా తండ్రే! అందుకా!" అన్నారు. కూర్చుని, మళ్ళీ లేచి, "అయ్యబాబోయ్, అందుకా!" అన్నారు. తర్వాత చేతిసంచీ తీసుకుని, జంపఖానా మీద మూడో తరం దగ్గరున్న అధ్యక్షులవారిని దాటుకుని, ఎవరికీ ఒక్క ముక్క చెప్పకుండా ఇంటికెళ్ళిపోయారు.

ఆపరేషను బాగా జరిగింది. ఇంకా కట్టు విప్పలేదు గాని, చూపుకి ఢోకా లేదని డాక్టరు చెప్పాడు. మండలి తరఫున ఆవిడకి ఆపిల్ పళ్ళు వెళ్ళాయి. మర్నాడు బత్తాయిలు వెళ్ళాయి. ఏవీ పనిచెయ్యకపోవడంతో ‘ముగింపు సేకరణ నిమిత్తం’ నన్ను అధికారికంగా ఆసుపత్రికి పంపించారు. నిజం చెప్పొద్దూ, పంపకపోయినా వెళ్ళేవాణ్ణే. నాకూ రెండు రాత్రుల్నించి నిద్ర లేదు. పుస్తకాలు చదవనివాణ్ణి, నాకెందుకొచ్చిన బాధ ఇది?

ఆవిడ కంటికి కట్టుతో, దిండుకి ఆనుకుని, హాయిగా బత్తాయి తొనలు తింటున్నారు. నా గొంతు గుర్తుపట్టి కూర్చోమన్నారు.

"ఆ గొడుగు మనిషి ఎవరని మీ అధ్యక్షులు మొదట్లో అడిగారే, దానికి జవాబు ఆఖరి పేజీలోనే ఉందండీ. ఇంకాస్త ఓపిక పట్టి చదివుంటే సరిపోయేది. ఇన్ని సంపుటాలు ఎందుకు, ఇన్ని జంతికలు ఎందుకు?" అన్నారు.

"అదేంటో చెప్పండి మంగతాయారు గారూ. మండలికి కాదు, నాకు. నా ఒక్కడికీ చెప్పండి."

ఆవిడ నోట్లో తొన నమిలి, గింజ తీసి పళ్ళెంలో వేశారు. కట్టు కింద పెదాలు నవ్వుతున్నాయి.

"చెబుతాను. ముందు మీ మేనమామ గారెవరో చెప్పండి."

నాకు ఇంకేం కావాలి? చెప్పాను. ఆయన పేరు చెప్పాను, ఊరు చెప్పాను, బియ్యం మిల్లు పెట్టి ఎలా నష్టపోయారో చెప్పాను. ఆవిడ ఊఁ కొడుతున్నారు. వాళ్ళ నాన్నగారి దగ్గరికి వచ్చేసరికి ఊఁ ఆగిపోయింది. వాళ్ళ తాతగారు ఏ ఊరినుంచి వలస వచ్చారో చెప్పబోతుండగా సన్నగా గుర్రు వినిపించింది.

నర్సు వచ్చి, లేపొద్దని నాకు సైగ చేసింది. నేను చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చి, బస్టాండులో కూర్చుని మండలికి నివేదిక రాశాను: ‘ముగింపు లభించలేదు. పాఠకురాలికి సుఖనిద్ర లభించినది.’